ముందు పేజీలో చోటు

పోయినవారం ఎలీసమ్మను మనం ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? యాకోబుపాలెం గుడి ముందు తాటాకు పందిట్లో, మామూలుగా హార్మోనియం పెట్టే బల్ల ముందు కూర్చోబెట్టి వదిలేశాం. ఎదురుగా విజయవాడ నుంచి ఎర్రబస్సు మీద వచ్చిన పుస్తకాల కట్టలు. ఆవిడ రాసిన మొట్టమొదటి నవల. చేతిలో మూత తీసిన పెన్ను. గుండెల్లో మాత్రం రాయి పడింది. ఆరాధన మధ్యలో సంఘపెద్ద జక్రయ్య లేచి నిలబడి, "ఆ పుస్తకం సంగతి నేను కూటం అయ్యాక మాట్లాడతా" అని ఒక్క మాట అని కూర్చున్నాడు మరి. ఆ తర్వాత పాస్టరు అయ్యగారు చెప్పిన ప్రసంగంలో ఎలీసమ్మ చెవికి ఎక్కింది 'ఆమేన్' ఒక్కటే.

ఎందుకంత భయమంటారా? ఆ నవల జక్రయ్య ఇంటి కథ. ఆయన కూతురు దీనమ్మ, ఎలీసమ్మ ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళు. చీరల మూట భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగే మంగళగిరి నేతకుర్రాడు, సంఘం బయటి మనిషి పానకాలును దీనమ్మ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళిన రోజే జక్రయ్య ఇంటి బైబిలు తీసి, ముందు పేజీలో ఉన్న కూతురి పేరు కొట్టేశాడు. అప్పటినుంచి ఆ ఇంట్లోనే కాదు, పాలెంలోనే ఆ పేరు ఎత్తిన మనిషి లేడు. నోటితో అనలేని మాట అచ్చులో కనబడితే అయినా ఆయన మనసు కరుగుతుందేమో, దీనమ్మ పుట్టింటి గడప తొక్కుతుందేమో అని ఎలీసమ్మ ఆశ. ఆ ఆశతోనే బడి పిల్లల కాంపోజిషన్లు దిద్దుతూ దిద్దుతూ నవల రాసేసింది. ఊరి పేరు మార్చింది, మనుషుల పేర్లు మార్చింది. మార్చితే మాత్రం పర్చూరు చుట్టుపక్కల తెలియనివాళ్ళు ఎవరు?

సరే, కూటం అయిపోయింది. జక్రయ్య ఇంకా గుడి లోపలే ఉన్నాడు. బయట జనం వరుస కట్టారు. అందరికన్నా ముందు యేసుపాదం. గుంటూరు యార్డులో మిరపకాయల బస్తాలు మోసే మనిషి, ఆదివారం కదా, ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. ఎలీసమ్మ భర్త ఇమ్మానియేలు కట్ట విప్పి పుస్తకం అందించాడు. ఎలీసమ్మ మొదటి పేజీ తిప్పి, ఎన్నాళ్ళుగానో సాధన చేసుకున్న సంతకం, 'ప్రేమతో, ఎలీసమ్మ' అని వంపుగా పెట్టి ఇచ్చింది.

యేసుపాదం ఆ పేజీని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇదేందమ్మా టీచరమ్మా, నీ పేరే రాసుకున్నావు?"

"సంతకం బాబాయ్. రాసినవాళ్ళు అట్టా పెట్టి ఇస్తారు. పట్నాల్లో అదే పద్ధతి."

"పట్నం సంగతి మనకెందుకు? పుస్తకం మా ఇంటికి గదా వచ్చేది. ముందు పేజీలో మా ఇంటోళ్ళ పేర్లుండాల. నీ పేరుంటే, రేపు యేసుపాదం టీచరమ్మ పుస్తకం ఎత్తుకొచ్చాడంటారు!"

పందిరంతా గొల్లున నవ్వింది. కానీ వెనక నిలబడ్డవాళ్ళు నవ్వుతూనే తలలు కూడా ఊపారు. వాళ్ళ తప్పేం లేదు లెండి. ఆ పాలెంలో ఏ ఇంట్లో చూసినా ఉన్నది ఒకే ఒక్క పుస్తకం, బైబిలు. దాని ముందున్న తెల్ల కాగితం మీదే ఇంటిల్లిపాది చరిత్ర. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరికి ఎప్పుడు బాప్తిస్మం అయింది, ఎవరిని ఎవరికిచ్చి చేశారు, ఎవరు ప్రభువునందు నిద్రించారు, అన్నీ దాని మీదే. పుస్తకమంటే ముందు పేజీలో పేర్లు ఉండి తీరాలి. లేకపోతే అది పుస్తకం ఎట్లా అవుతుంది? ఎలీసమ్మ కూడా ఆ పాలెంలో పుట్టిన పిల్లే. ట్రైనింగు కాలేజీ, విజయవాడ పబ్లిషరు, కాఫీ హోటలు కబుర్లు కలిసి ఆ మాట మరిపించాయి.

"సరే బాబాయ్, చెప్పు, రాస్తాను" అంది నవ్వుతూ.

ఇక చూస్కోండి! యేసుపాదం వెనక నిలబడ్డ ప్రతివాడూ తన ఇంటి వంశావళి మొదలుపెట్టాడు. "మా నడిపోడు తుఫాను ఏడు పుట్టాడు రాయి" అని మొగుడంటే, "తుఫాను కాదు, దాని ముందేడు, పత్తి తీతలప్పుడు. నొప్పులు పడింది నువ్వా నేనా?" అని పెళ్ళాం గదిమింది. ఒకావిడ తన కోడలి పుట్టింటివాళ్ళ పేర్లు కూడా రాయమంది, వాళ్ళు పుస్తకం కొనలేదట పాపం. ఎలీసమ్మ సంతకం ఒక్కో కాపీకీ ఒక్కో అంగుళం జరుగుతూ, జరుగుతూ, చివరికి పేజీ అడుగున ఒక మూలకు పోయి ముడుచుకు కూర్చుంది.

ఇమ్మానియేలు ఊరుకుంటాడా? "కరణాల్ని తీసేశారని పేపర్లో రాశారే, అబద్ధం! ఇదిగో, మా ఇంట్లో ఒకావిడ ఉంది" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఎలీసమ్మ వేళ్ళకు సిరా అంటుకుంది, మెడ పట్టేసింది. అయినా ఆవిడకు లోపల ఎంత బాగుందో చెప్పలేను. సంతకం అంటే నలుగురు తనవైపు చూడడం అనుకుంది ఇన్నాళ్ళూ. వీళ్ళు తన పుస్తకంలోకి పిల్లాపాపలతో సహా వచ్చి చేరిపోతున్నారు. ఇంతకన్నా ఏ రచయితకు ఏం కావాలి?

సరిగ్గా అప్పుడు నవ్వులు ఆగిపోయాయి.

జక్రయ్య గుడి మెట్లు దిగి వస్తున్నాడు. నిటారైన మనిషి, తెల్ల పంచె, భుజాన కండువా. ఎలీసమ్మ చిన్నప్పుడే తండ్రి పోతే, మిషను దొరసానితో మాట్లాడి ఆ పిల్లను ట్రైనింగుకు పంపించింది ఆయనే. రైలెక్కించిన రోజు పెట్టె మోసింది కూడా ఆయనే. అందుకే ఎలీసమ్మకు ఆయనంటే భయం ఒక్కటే కాదు, అంతకన్నా కష్టమైనది ఇంకొకటి ఉంది, ప్రేమ.

"పెన్ను ఆపు" అన్నాడు జక్రయ్య.

ఎలీసమ్మ ఆపింది. ఆయన బల్ల మీద ఒక కాపీ పెట్టాడు. ఎలీసమ్మే ముందుగా ఆయనకు పంపించిన కాపీ, చదివి చదివి అట్ట మడతపడి ఉంది.

"అయ్యగారూ, మీరు చూస్తానే ఉన్నారా?" అంటూ పాస్టరు సంజీవరావు వైపు తిరిగాడు. "బాప్తిస్మం పేర్లు, పెళ్ళి తారీకులు తీసుకెళ్ళి కట్టుకథల పుస్తకంలో రాయిస్తన్నారు మనోళ్ళు. వాటికి చోటు వాక్యం ఉన్న గ్రంథంలో. నవలల్లోనా?"

సంజీవరావు కొత్తగా వచ్చిన పాస్టరు. సెమినరీలో ఈ పాఠం చెప్పలేదు. "అంటే పెద్దాయనా, కూడదని అయితే ఎక్కడా లేదు... అట్లాగని..." అని నీళ్ళు నమిలాడు. యేసుపాదం పుస్తకాన్ని మెల్లగా చొక్కా కిందకు తోశాడు. వరుసలో వెనకవాళ్ళు ఇద్దరు ముగ్గురు పక్కకు జరిగారు.

"ఇది నేను చదివా" అన్నాడు జక్రయ్య ఎలీసమ్మతో. "కళ్ళజోడు పెట్టుకుని, ఒక్క అక్షరం వదలకుండా చదివా. ఇందులో ఆ సుదర్శనం ఎవడు?"

'ఇందులోని పాత్రలన్నీ కల్పితం' అని లోపలి పేజీలో అచ్చులో ఉంది. పబ్లిషరు వేయించాడు. ఎవరన్నా అడిగితే అదే చెప్పాలని ఎలీసమ్మ అనుకుంది కూడా. అడిగింది ఇంకెవరన్నా అయితే చెప్పేదే. తన పెట్టె మోసిన మనిషి కళ్ళలోకి చూస్తూ ఆ అబద్ధం ఆడడానికి నోరు రాలేదు.

"నువ్వే పెదనాన్నా" అంది.



"నా ఇంటి సంగతి ఊళ్ళో పెట్టావు. పెట్టి ఊరుకున్నావా? సంతకం చేసి మరీ ఇంటింటికీ పంచుతున్నావు. నిన్ను చదువుకు పంపించింది ఇందుకేనా?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఎలీసమ్మ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఇమ్మానియేలు లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తనే లేచింది.

"నువ్వు పంపించబట్టే రాయగలిగాను. నీ ఇంట్లో దాని పేరు ఎత్తనివ్వవు. గుడిలో ఎత్తనివ్వవు. వీధిలో నిన్ను చూస్తే ఎత్తబోయినవాళ్ళు కూడా మింగేస్తారు. నేను ఎక్కడ ఎత్తను పెదనాన్నా? దీనమ్మ నా ప్రాణం. దీనమ్మ ఇంటికి రావాలి. నేను రాసినవన్నీ పక్కనబెట్టు, ఆ పుస్తకంలో ఉన్నది ఈ ఒక్క మాటే."

అన్నేళ్ళ తర్వాత ఆ పేరు ఆ పందిట్లో వినబడింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆడవాళ్ళ వైపు ఎవరో చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

జక్రయ్య మొహం ఎర్రబడింది. "కట్టలు కట్టు" అన్నాడు. "ఇచ్చినవి కూడా వెనక్కి తీసుకో. సంఘపెద్దగా చెప్తన్నా. ఈ పుస్తకం పాలెంలో ఏ ఇంట్లోనూ ఉండడానికి లేదు."

ఎవరూ కదల్లేదు. యేసుపాదం చొక్కా కింద పుస్తకాన్ని ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు గానీ తీసి ఇవ్వలేదు. ఇవ్వనని అనే ధైర్యం కూడా లేదు పాపం.  అయిపోయింది, అనుకుంది ఎలీసమ్మ. దీనమ్మను తీసుకురాబోయి, ఉన్న ఒక్క దారీ తనే మూసేసినట్టయింది. ఆ పేరు ఇక ఈయన ముందు ఎవరూ ఎప్పటికీ ఎత్తరు.

అప్పుడు ఆడవాళ్ళలోంచి ఒక మనిషి జనాన్ని తప్పించుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. జక్రయ్య భార్య ఆదెమ్మ. పొట్టి మనిషి. మొగుడి వెనక నాలుగడుగుల దూరంలో నడవడమే తప్ప, ఆవిడ గొంతు ఎట్లా ఉంటుందో పాలెంలో సగం మందికి తెలియదు. ఎప్పుడు కొందో ఏమో, చెంగు కింద నుంచి నవల కాపీ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"మా ఇంటోళ్ళ పేర్లు రాయి ఎలీసమ్మా."

"నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు జక్రయ్య. "ఇంటికి పద."

"రాయించుకుని వస్తా."

"మన ఇంట్లో బైబిలు లేదా? అందులో పేజీ లేదా? నీకీ పుస్తకం కావాల్సొచ్చిందా?"

"పేజీ ఎక్కడుందయ్యా?" అంది ఆదెమ్మ. గొంతు పెంచలేదు. "బిడ్డ పేరు ఎంత గట్టిగా కొట్టావో నీకు తెలవదు. పాళీ దిగి కాయితం చినిగిపోయింది. వెనకపక్క మా అత్తమ్మ పేరుంటే, నీ కన్నతల్లి పేరు, అది కూడా పోయింది. ఆ కాయితం తిప్పి చూశావా ఎప్పుడన్నా? నేను చూస్తానే ఉన్నా. ప్రార్థన చేసుకుందామని తెరిచినప్పుడల్లా ఆ చిల్లే కనబడతంది. అందులో నన్ను ఎక్కడ రాయించుకోమంటావు?"



ఆదెమ్మ బల్ల మీదకు వంగింది. "రాయమ్మా. జక్రయ్య. ఆదెమ్మ. పెద్దోడు జోసఫ్. రెండోవాడు ఏసోబు." ఎలీసమ్మ రాస్తోంది. "దీనమ్మ."

 ఎలీసమ్మ ఒక్కో అక్షరం నిదానంగా దిద్దింది. అంత అందంగా తన పేరు కూడా ఎప్పుడూ రాసుకోలేదు.

"పక్కనే రాయి, భర్త పానకాలు, మంగళగిరి అని. వాళ్ళ కింద రాయి, కూతురు. ప్రేమమ్మ."

ఎలీసమ్మ గభాలున తలెత్తింది. దీనమ్మకు కూతురుందా! నవల రాసిన తనకే తెలియదు. మంగళగిరిలో ఏ వీధిలో ఉందో, ఎట్లా ఉందో, ఎవరిని అడిగినా జాడ దొరకలేదు. ఆదెమ్మ కడుపులో ఇంత పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు రోజూ ఎదురుపడుతోందా?

"ఏ ప్రేమమ్మ?" అన్నాడు జక్రయ్య. 

"నీ అమ్మ పేరే. మూడో క్లాసు చదువుతంది నీ మనవరాలు. అచ్చం మా అత్తమ్మలాగే, అన్నం ముందు పెట్టుకుని లోకం కబుర్లన్నీ చెప్తది."

"నీకెట్టా తెలుసు?"

"కళ్ళాసుపత్రికని గుంటూరు వెళ్తన్నా గదా. అక్కడ దిగి ఇంకో బస్సెక్కుతా."

యేసుపాదం ఆపుకోలేకపోయాడు. "అదా సంగతి వదినా! అన్నిసార్లు ఆసుపత్రికి పోయినా నీ మొహాన కళ్ళజోడు రాలేదేందిరా అని నేననుకుంటానే ఉన్నా!"

పందిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. బిగుసుకుపోయిన గాలి కాస్త వదులైంది. జక్రయ్య మాత్రం నవ్వలేదు. కోప్పడనూ లేదు. ఆదెమ్మ వంకే చూస్తున్నాడు, ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషిని ఇవాళే చూస్తున్నట్టు.

"ఆ ఇంట్లో ఆ పేరు పెట్టనిచ్చారా?" అన్నాడు.

"పెట్టనివ్వడమేంది? పెట్టిందే పానకాలు. మీ నాయనమ్మంటే నీకు ప్రాణం గదా, ఆవిడ పేరే పెడదామన్నాడంట. మొదట వద్దంది నీ కూతురే."

"ఎందుకు వద్దంది?"

  "మా నాన్నకు తెలిస్తే కోపం వస్తది, అందంట."

జక్రయ్య పుస్తకాల కట్ట మీద కూలబడ్డాడు. కండువా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ భుజాలు కదలడం పాలెమంతా చూసింది. ఎవరూ చూడనట్టు అందరూ అటూ ఇటూ తిరిగారు. సంజీవరావు అయ్యగారు మంచినీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ పూట ఆయన చేసిన పనుల్లోకల్లా తెలివైనది అదే. ఎలీసమ్మ మాత్రం కదల్లేదు. ఏడుస్తూనే ఉంది, కానీ ఆ ఏడుపులో ఇందాకటి బరువు లేదు.

కాసేపయ్యాక జక్రయ్య మొహం తుడుచుకుని చెయ్యి చాపాడు. ఎలీసమ్మ పుస్తకం ఇచ్చింది. సిరా ఇంకా ఆరలేదు. ఆయన ఒక్కో పేరూ వేలు తగలకుండా, గాలిలోనే గీత గీస్తున్నట్టు చదువుకున్నాడు. కింది పేరు దగ్గర చాలాసేపు ఆగాడు.

"నీ సంతకం లేదేం?" అన్నాడు.

"నువ్వు పెన్ను ఆపమన్నావుగా."

"పెట్టు."

పేజీ అడుగున మిగిలిన కాస్త చోటులో ఎలీసమ్మ పెట్టింది. వంపులు లేవు, ప్రేమతో అన్న మాట కూడా లేదు. బడిలో హాజరు వేసినట్టు, ఒట్టి పేరు.

జక్రయ్య ఆ పేజీని రెండుసార్లు ఊది, పుస్తకం మూశాడు. మళ్ళీ తెరిచి, ఈసారి వెనకవైపు, చివరి పేజీ తీశాడు.

"ఇదేందమ్మా ఇట్టా రాశావు?"

"ఏది పెదనాన్నా?"

"ఆ సుదర్శనం మంగళగిరి లాంటి ఊరికేదో పోతాడు. కూతురి ఇంటి గుమ్మం ముందు నిలబడతాడు. తలుపు కొడతాడు. అంతే, పుస్తకం అయిపోయింది! వెనక కాయితం ఏమన్నా ఊడిపోయిందేమోనని కుట్టు విప్పదీసి చూశా. ఇంతకీ ఆ పిల్ల తలుపు తీసిందా, లేదా?"

ఈ ప్రశ్న విజయవాడలో పబ్లిషరు కూడా అడిగాడు. పాఠకులు తిడతారమ్మా అన్నాడు. అదో పద్ధతి లెండి, చదివేవాళ్ళే ఊహించుకోవాలి అని ఎలీసమ్మ గంభీరంగా జవాబు చెప్పింది. అదంతా కోతలే. ఆ పేజీ దగ్గర ఆవిడ ఎన్నిసార్లు కూర్చుందో, ఎన్ని కాగితాలు నలిపి పారేసిందో ఇమ్మానియేలుకు తెలుసు.

"నాకు తెలియదు పెదనాన్నా" అంది ఎలీసమ్మ. "తెలిస్తే రాసేదాన్నే."

జక్రయ్య లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, మెయిన్‌రోడ్డు వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి ఎలీసమ్మను చూశాడు. ఈసారి ఆదెమ్మే ఆయనకన్నా ముందుంది.

"నాకూ తెలవదు" అన్నాడు. "పెన్ను మూతపెట్టి రా. పోయి, తీస్తదో లేదో చూద్దాం."